కనబడలేదు అంటే లేదని కాదు



ప్రియులారా, ఈ వారం వాక్యానికి ముందు నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. సంఘములో మైకు పట్టుకుని ఒకసారి ఒప్పుకున్నదే ఇది. అయితే బెంగళూరులోనో హైదరాబాదులోనో గల్ఫులోనో ఉండి ఫోనులో ఇది చదివే మన బిడ్డలు ఆ ఆదివారం లేరు. నా తప్పు మాట వీడియోగా వాట్సాప్‌లో వాళ్ల దాకా పోయింది. దిద్దుబాటు మాత్రం పోలేదు. అందుకే రాస్తున్నాను.

ఎవరి సంగతి రాస్తున్నానో ఆ అక్కను అడిగే రాస్తున్నాను. "పేరు రాయొద్దయ్యా, ఊరు రాయొద్దు. సంగతి మాత్రం రాయండి. ఇంకొకరు నా మాదిరి చేయకుండా ఉంటే సాలు" అనింది.

మీకు తెలుసు, నాకు రెండు సహవాసాలు. ఆదివారం పొద్దున ఆదోని పక్కన మా పల్లెలో ఆరాధన. సాయంత్రం 30 కిలోమీటర్లు బండి మీద పోయి ఎమ్మిగనూరులో, మగ్గాల చప్పుడు వినబడే వీధిలో, ఒక ఇంట్లో ప్రార్థన. ఈ అక్క ఆదోని వైపు మనిషి. జిన్నింగు మిల్లులో పత్తి పని. మిల్లులో పని లేనప్పుడు ఊర్లోవాళ్లతో కలిసి గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోయేది. భర్త చనిపోయి చాలా ఏళ్లయింది. ఆయన పోయిన తర్వాతే తెలిసింది, ఆయన నుండి తనకూ హెచ్‌ఐవీ సోకిందని. 2009 నుండి క్రమం తప్పకుండా ఏఆర్‌టీ మాత్రలు వేసుకుంటూ బిడ్డలను పెంచింది. మాత్రల డబ్బా జొన్నల సంచి వెనక దాచేది. ఊర్లో అందరికీ తెలుసు. తెలుసని ఎవరూ అనరు.

2021 ఆగస్టులో ఒక సాయంత్రం ప్లాస్టిక్ కవరులో మడిచిన కాగితం తెచ్చింది. "అయ్యా, ఇందులో ఏముందో చూడండి. బాగుంది అన్నారు గానీ, అంతమంది జనంలో నిలబడి ఏమని అడగలేకపోయినా" అనింది. వైరల్ లోడు రిపోర్టు అది. అడుగున ఇంగ్లీషులో మూడు మాటలు: టార్గెట్ నాట్ డిటెక్టెడ్.

నేను సెమినరీలో డిప్లొమా చదివినవాణ్ణి. గ్రీకు అక్షరాలు కూడా కూడబలుక్కొని చదివినవాణ్ణి. ఆ మూడు మాటలు చదవడానికి నాకు అర నిమిషం పట్టలేదు. కనబడలేదు అంటే లేదు, లేదంటే పోయింది. అక్కడికక్కడే మోకాళ్లూని దేవునికి స్తోత్రం చెప్పాను. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ ఆదివారం ఆమె చేత సాక్ష్యం చెప్పించాను. జబ్బు పేరు ఆమె చెప్పలేదు, "పెద్ద జబ్బు" అనింది. తర్వాత నేను మైకు తీసుకున్నాను. "వైద్యులు వెదికారు, వాళ్లకు కనబడలేదు! యేసు రక్తం కడిగిన చోట ఇంకేం కనబడుతుంది?" అన్నాను. చప్పట్లు, హల్లెలూయలు. వీడియోలో ఉన్నది అదే.

మాత్రలు ఆపమని నేను చెప్పలేదు. ఈ మాట చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. ఆపమని చెప్పలేదు, నిజమే. ఆపొద్దని కూడా చెప్పలేదు. పోయిన జబ్బుకు మాత్రలెందుకని ఆమె అనుకుంది. "పోయింది" అన్న మాట ఎవరిది?

2022 ఫిబ్రవరిలో ఆమె మూడు ఆదివారాలు వరుసగా రాలేదు. ఇంటికి పోతే మంచం మీద ఉంది. దగ్గు, సాయంత్రమైతే జ్వరం, రాత్రుళ్లు చెమటలు. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఎన్నాళ్ల నుండి అక్కా అంటే, సంక్రాంతికి ముందు నుండే అనింది. మరి ఎందుకు చెప్పలేదు?

"అందరి ముందర నిలబడి సాక్ష్యం చెప్పినదాన్ని గదయ్యా. మళ్లీ జబ్బు అని ఎట్ల చెప్పల్ల? దేవునికి చెడ్డపేరు రాదా?"

ప్రియులారా, నేను ఇరవై ఏళ్లుగా ప్రసంగాలు చేస్తున్నాను. నా ప్రసంగం ఒక మనిషిని ఆసుపత్రికి పోకుండా ఆపిందని ఆ మంచం దగ్గర మొదటిసారి చూశాను. ఆమె జబ్బును కాదు, నా మాటను కాపాడుకుంటూ పడుకుంది.

ఆ రోజే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. బరువు 34 కిలోలు. ఊపిరితిత్తుల్లో టీబీ. సీడీ4 లెక్క 112. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరు పాత రిపోర్టు చూసి, "ఇంత బాగున్న మనిషి మాత్రలు ఎందుకు ఆపింది?" అని అడిగాడు. నేను పాస్టరునని చెప్పి జరిగినదంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు సులువుగా ఉండేది. "కుక్క నిద్రపోతా ఉంటే చచ్చిపోయింది అనుకుంటారా అయ్యా?" అని మాత్రం అన్నాడు.

ఆయన ఓపికగా చెప్పింది మీకూ చెప్తాను. ఆదోని కోట చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. కొండ మీద గోడ, గోడకు బురుజులు, బురుజు మీద కావలివాడు. శత్రువు వస్తున్నాడని కావలివాడు బూర ఊదితేనే లోపలి సైన్యం లేస్తుంది. మన ఒంట్లో కూడా దేవుడు ఇలాంటి ప్రాకారం కట్టాడు. దానినే రోగనిరోధక వ్యవస్థ అంటారు. కరోనా కాలంలో కషాయాలు తాగుతూ మనమంతా "ఇమ్యూనిటీ, ఇమ్యూనిటీ" అన్నామే, అదే. అందులో సీడీ4 అనే తెల్ల రక్తకణాలు బూర ఊదే కావలివాళ్లు. హెచ్‌ఐవీ వచ్చి సరిగ్గా వాళ్లనే పట్టుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఒక ఘన మిల్లీమీటరు రక్తానికి ఈ కణాలు సుమారు 500 నుండి 1500 దాకా ఉంటాయి. 200 కంటే తగ్గితే దానిని ఎయిడ్స్ దశ అంటారు. మనలో చాలామంది ఒంట్లో టీబీ క్రిమి ఏమీ చేయకుండా పడి ఉంటుంది. కావలి ఉన్నంత కాలం అది లేవదు. కావలి పడిపోతే లేస్తుంది. ఈ అక్కకు జరిగింది అదే.

మరి ఆ "కనబడలేదు"? వైరస్ కొంత రక్తంలో తిరుగుతుంది, కొంత కణాల లోపల దాక్కొని నిద్రపోతుంది. రోజూ మాత్ర వేసుకుంటే కొత్త వైరస్ పుట్టడం ఆగిపోయి, పరీక్షకు అందనంత తగ్గిపోతుంది. దాక్కున్నదాన్ని మాత్ర చంపలేదు. మాత్ర ఆపిన కొన్ని వారాలకే అది లేచి వస్తుంది. అంటే ఆ రిపోర్టు నిజంగా మంచి వార్తే. మాత్రలు పని చేస్తున్నాయని, కావలివాళ్లు మళ్లీ బురుజు ఎక్కారని దాని అర్థం. అలా కనబడనంతగా అణిగి ఉన్నంత కాలం భార్యాభర్తల కలయిక ద్వారా కూడా వైరస్ ఒకరి నుండి ఒకరికి పోదు. శుభవార్తే. కానీ నేను చదివిన వార్త అందులో లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా బైబిలే నన్ను గద్దించింది. నాకు తెలియని గ్రీకు మాట ఏదో కాదు, సండే స్కూలు పిల్లలకు కూడా తెలిసిన కథలే. కుష్ఠరోగులు యేసు దగ్గరికి వచ్చినప్పుడు ఆయన ఏమన్నాడు? పోయి యాజకులకు మిమ్మల్ని చూపించుకోండి అన్నాడు. ఆ కాలంలో పరీక్ష చేసి బాగయిందో లేదో చెప్పే పని యాజకునిది. స్వస్థపరచిన దేవుడే పరీక్ష చేయించుకోమన్నాడు. పరీక్ష చేసేవాణ్ణి అడగకుండా నేనే యాజకుణ్ణి అయిపోయాను.

హిజ్కియా రాజు చావు మంచం మీద ఉన్నప్పుడు యెషయా దేవుని మాట తెచ్చాడు: నీ కన్నీళ్లు చూశాను, నీకు 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తున్నాను అని. ఆ తర్వాత అదే ప్రవక్త, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. రాజు బతికాడు. వాగ్దానం వచ్చిందని పండ్ల ముద్దను ఎవరూ పారేయలేదు. ఈ అక్కకు దేవుడు 2009 నుండి పన్నెండేళ్లు ఇచ్చాడు. రోజుకొక అంజూరపు ముద్దతో ఇచ్చాడు. ఆ ముద్దను నేను పుండు మీది నుండి పెరికేశాను.

ఇంకొక సంగతి కూడా మనకు తెలియాలి. మన దేశంలో హెచ్‌ఐవీ ఉందని మొదట బయటపడింది 1986లో. చెన్నైలో డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని నిర్మల రక్తం నమూనాలు పోగుచేశారు. వాటిని పరీక్షించింది వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో. ఒక మిషనరీ కుటుంబంలో పుట్టిన ఐడా స్కడ్డర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. ప్రార్థన చేసే చేతులు, రక్తం పరీక్షించే చేతులు అక్కడ వేరు వేరు కాలేదు. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మన ఆంధ్రప్రదేశ్ ఈ జబ్బు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ఆ మాత్రలు రాకముందు మన పల్లెల్లో ఎన్ని ఇళ్ల తలుపులు మూతబడ్డాయో మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

2022 మార్చి మొదటి ఆదివారం, ఆమె ఇంకా ఆసుపత్రిలో ఉండగా, పుల్పిట్ దగ్గర నిలబడి ఒప్పుకున్నాను. ఆమె జబ్బు గురించి ఒక్క మాట అనలేదు. ఒకరి హెచ్‌ఐవీ సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చేసిన చట్టం కూడా ఉంది. నా సంగతే చెప్పాను: "నేను ఒక కాగితం తప్పుగా చదివాను. తెలియనిది తెలిసినట్టు ప్రకటించాను. నా మాట నమ్మి మీలో ఎవరైనా ఏ జబ్బుకైనా మందులు ఆపి ఉంటే ఈ రోజే మళ్లీ డాక్టరు దగ్గరికి పోండి."

ఆరాధన అయిన తర్వాత ఒక తమ్ముడు వచ్చి, "అయితే దేవుడు బాగుచేయలేదా అయ్యగారూ?" అని అడిగాడు. నేను కాసేపు మాట్లాడలేకపోయాను. తర్వాత అన్నాను: "దేవుడు రోజూ బాగుచేస్తానే ఉన్నాడు నాయనా. మధ్యలో ఆపించింది నేను."

ఆ వేసవిలోనే ఎమ్మిగనూరులో దేవుడు నాకు ఇంకొక ఇల్లు చూపించాడు. ఆదోని అక్క ఒంట్లో ప్రాకారం మధ్యలో కూలింది. ఈ ఇంట్లో పుట్టిన బిడ్డలకు ప్రాకారం కట్టబడనే లేదు.

మగ్గం నేసే కుటుంబం. ఆ చెల్లెలిని సొంత మేనమామకే ఇచ్చి చేశారు. మన వైపు ఇది కొత్త కాదు. మొదటి బిడ్డ ఐదో నెలలో పోయాడు, రెండో బిడ్డ ఏడో నెలలో. న్యుమోనియా అన్నారు, విరేచనాలు అన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం ఇది తరతరాల శాపం అన్నారు. శాపం విరగ్గొట్టే ప్రార్థన పెట్టించారు. నేనూ పోయి ఆమేన్ అన్నాను. ఆ రోజు ఆ తల్లి ముఖం నేను చూడలేదు. చూసి ఉంటే ఆమేన్ అనేవాణ్ణి కానేమో.

మూడోది ఆడబిడ్డ. నాలుగో నెల నుండి నోట్లో తెల్లటి పూత, మానని దగ్గు, బరువు పెరగదు. పుట్టినప్పుడు చేతికి వేసిన బీసీజీ సూది చోట పుండు పెద్దదై, చంకలో గడ్డ లేచింది. బెంగళూరుకు తీసుకుపోతే అక్కడి డాక్టరు మొదట అడిగింది రెండే ప్రశ్నలు: "మీది మేనరికమా? ఇంతకుముందు బిడ్డలు పోయారా?" తర్వాత రక్తం పరీక్ష. ప్రాకారం కట్టే తెల్లకణాలు దాదాపు లేనే లేవు. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని జబ్బు. ఎముక మజ్జ మార్పిడి ఒక్కటే దారి అన్నారు. మజ్జ సరిపోయే మనిషిని వెదికే లోపే ఎనిమిదో నెలలో పాప ప్రభువు దగ్గరికి పోయింది. ఆ చిన్న పెట్టెను నేనే మోసాను.

మూడో రోజు ప్రార్థనకు పోతే ఆ చెల్లెలు బెంగళూరు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఈసారి నేను చదవడానికి తొందరపడలేదు. ఆమే చెప్పింది.

"అయ్యా, ఈ చీటీలో జబ్బు పేరుండాది. శాపం అని యాడా లేదు."

ఇలా పుట్టుకతో వచ్చే నిరోధక లోపాలు 400కు పైగా ఉన్నాయని వైద్యులు లెక్కగట్టారు. మనందరి ఒంట్లో దాదాపు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి, ఒకటి తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి. ఒక ప్రతిలో లోపమున్నా ఇంకొకటి పని నడిపిస్తుంది. అందుకే మోసేవాళ్లకు ఆ సంగతి తెలియనే తెలియదు. తల్లిదండ్రులిద్దరిలో ఒకే లోపం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు రెండు లోపపు ప్రతులే వచ్చే అవకాశం ఉంది. దగ్గరి రక్తసంబంధంలో ఒకే లోపం ఇద్దరిలో ఉండే అవకాశం ఎక్కువ. అలాగని మేనరికం బిడ్డలందరికీ జబ్బు రాదు, బయటి సంబంధాల్లో అసలే రాదనీ కాదు.

తల్లి ద్వారా మగబిడ్డలకు వచ్చే రకమూ ఉంది. దానికి మేనరికంతో పని లేదు. 1952లో అమెరికాలో బ్రూటన్ అనే సైన్యపు డాక్టరు, మాటిమాటికీ న్యుమోనియా వచ్చే ఎనిమిదేళ్ల పిల్లవాడి రక్తంలో క్రిములతో పోరాడే ప్రతిరక్షకాలు లేవని కనిపెట్టాడు. ఇతరుల రక్తం నుండి తీసిన ప్రతిరక్షకాలను సూది ద్వారా ఇస్తే ఆ పిల్లవాడు కోలుకున్నాడు. ఈనాటికీ అలాంటి బిడ్డలకు ఇచ్చే మందు వేలమంది దానం చేసిన రక్తపు ప్లాస్మా నుండే తయారవుతుంది. తనకు లేని ప్రాకారాన్ని వేలమంది తమ ఒంట్లో నుండి తీసి ఇస్తే ఆ బిడ్డ బతుకుతాడు. ఒకరి భారములు ఒకరు భరించమని పౌలు గలతీ సంఘానికి రాసిన మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు ఈ రెండు ఇళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. ఆదోని అక్కను చూసి ఊరు "ఏం చేసిందో" అంది. ఎమ్మిగనూరు చెల్లెలిని చూసి "వాళ్ల పెద్దలు ఏం చేసినారో" అంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది కూడా ఈ రెండే: వీడు చేశాడా, వీణ్ణి కన్నవాళ్లు చేశారా? యేసు రెండూ కాదన్నాడు. ఆ ప్రశ్న దగ్గర ఆగలేదు, ఉమ్మితో బురద చేసి పని మొదలుపెట్టాడు. తండ్రుల దోషం కుమారుల మీద మోపే సామెతను ఇకమీదట పలకొద్దని యెహెజ్కేలు 18వ అధ్యాయంలో దేవుడు ఎప్పుడో చెప్పాడు. మనం మాత్రం ఆ సామెతకు ప్రార్థన అని పేరు పెట్టి ఇంకా పలుకుతూ ఉన్నాం. నేనూ పలికాను.

అక్క టీబీ మందులు పూర్తిగా వాడింది. మళ్లీ ఏఆర్‌టీ మొదలుపెట్టారు. 2022 క్రిస్మసుకు మెల్లగా నడుచుకుంటూ మందిరానికి వచ్చింది. జనవరిలో రెండు సహవాసాలూ కలిసి ప్రభువు బల్ల ఆచరించాం. మాది ఒకే గిన్నె. ఆరాధనకు ముందు ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, మెల్లగా, "అయ్యగారూ, ఆమెకు వేరే గ్లాసులో ఇస్తే బాగుంటుందేమో. లేదంటే ఆఖరున" అన్నారు. చెడ్డ మనిషి కాదు. చాలామంది మనసులో ఉన్నదే ఆయన అన్నారు.

నేను ఆయనకు చెప్పింది మీకూ చెప్తాను. హెచ్‌ఐవీ గిన్నె వల్ల రాదు. ఎంగిలి వల్ల రాదు, చెయ్యి కలిపితే రాదు, పక్కన కూర్చుంటే రాదు, దోమ కుడితే రాదు. మరి ఆ గిన్నె దగ్గర ప్రమాదం ఎవరికి? మన వల్ల ఆమెకు! మన జలుబు, మన దగ్గు, మన జ్వరం మనకు మూడు రోజుల బాధ. ప్రాకారం ఇంకా నిలబడని మనిషికి అది మూడు వారాల మంచం కావచ్చు. మనం ఆమెకు భయపడుతున్నాం గానీ, భయపడాల్సింది ఆమె. అయినా ఆమె మన మధ్యకు వచ్చి కూర్చుంది.

ఆ పెద్దాయనకు ఇరవై ఏళ్లుగా షుగరు. కాలి పుండు నెలలు గడిచినా మానదు. "అయ్యా, అదుపులో లేని షుగరు కూడా ఈ ప్రాకారానికి బీటలు పెడుతుంది" అన్నాను. ఆయన తన కాలి వైపు చూసుకున్నారు, ఏమీ అనలేదు. షుగరే కాదు, తిండి చాలని ఒళ్లు, క్యాన్సరు మందులు, కీళ్లనొప్పులకని డాక్టరును అడగకుండా నెలల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రలు, ముసలితనం, అన్నీ ఆ గోడను బలహీనం చేసేవే. ప్రాకారం గట్టిగా ఉన్నవాళ్లు మన మందిరంలో మనం అనుకునేంత మంది లేరు.

ఆ రోజు గిన్నె ఆడవాళ్ల వైపు నుండి, అక్క కూర్చున్న మూల నుండి మొదలుపెట్టాను. శుభ్రమైన గిన్నె ముందు ఆమెకే అందింది. ఆమె పక్కన ఎప్పుడూ చాప ఖాళీగా ఉంటుంది. ఆ రోజు ఎమ్మిగనూరు చెల్లెలు వచ్చి అక్కడ కూర్చుంది. నేనేమీ చెప్పలేదు, ఆమెకు చోటు అక్కడ దొరికింది, అంతే. అక్క తాగి ఇచ్చిన గిన్నెను అందుకుని తాగింది. పెద్దాయన తన వంతు వచ్చినప్పుడు కాస్త ఆగారు. తర్వాత ఆయన కూడా తాగారు.

దేహములో బలహీనంగా కనబడే అవయవాలే మరీ అవసరమని, వాటికే ఎక్కువ ఘనత ఇవ్వాలని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ మాట మీద చాలాసార్లు ప్రసంగించాను. ఆ రోజు అర్థమైంది. క్రీస్తు దేహానికి కూడా నిరోధక శక్తి ఉండాలి. బలహీనుడి మీద కత్తి దూసేది నిరోధక శక్తి కాదు. తన సొంత అవయవాన్నే శత్రువనుకొని దాడి చేసే జబ్బులు కూడా ఉన్నాయని డాక్టర్లు చెప్తారు. సంఘానికి ఆ జబ్బు రాకూడదు.

ఇప్పుడు మన దగ్గర కొన్ని మార్పులు చేసుకున్నాం. బల్లకు అందరికీ చిన్న గిన్నెలు వచ్చాయి. ఎవరి వల్లో భయపడి కాదు, మన దగ్గు ఇంకొకరికి పోకుండా. దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు వెనక కిటికీ దగ్గర మాస్కు పెట్టుకుని కూర్చుంటారు. స్వస్థత సాక్ష్యం చెప్పాలంటే ముందు డాక్టరు మాట వినాలి. మందు ఆపాలా వద్దా అనేది పాస్టరు చెప్పే మాట కాదు.

మీకు నా మనవి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే పరీక్ష చేయించుకోండి. గర్భవతులు మొదట్లోనే హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోండి. సమయానికి మందులు మొదలుపెడితే తల్లి నుండి బిడ్డకు సోకకుండా చాలావరకు ఆపవచ్చు. మన సీమలో కర్నూలు పెద్దాసుపత్రి ఉంది, బత్తలపల్లిలో ఆర్‌డీటీ ఆసుపత్రి ఉంది, సిగ్గుపడొద్దు. మేనరికం కలుపుకునే ముందు, రెండు వైపులా పసిబిడ్డలు పోయిన ఇళ్లుంటే డాక్టరు సలహా తీసుకోండి. ఇంట్లో పసిబిడ్డలు పోయి ఉంటే, కొత్త బిడ్డకు బీసీజీ వేయకముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఇది విని మిగతావాళ్లు టీకాలు మానొద్దు. సూది చోట చిన్న పుండు లేచి కొన్ని వారాల్లో మానిపోవడం మామూలే. టీకా మన బిడ్డలకు ప్రాకారం. మన బిడ్డలు టీకా వేసుకుంటే, ప్రాకారం లేని పక్కింటి బిడ్డకు కూడా అది కొంత కాపుదల.

పోయిన గురువారం రాత్రి అక్క ఇంట్లో కుటుంబ ప్రార్థన. నేను కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థిస్తూ ఉండగా ఆమె ఫోనులో అలారం మోగింది. 9 గంటలు, మాత్ర వేళ. ఆమె కంగారుగా ఫోను నొక్కి ఆపబోయింది. ఒకప్పుడైతే నేను గొంతు పెంచి ప్రార్థన కొనసాగించేవాణ్ణి.

"ముందు మాత్ర వేసుకో అక్కా, ప్రార్థన తర్వాత" అన్నాను.

ఆమె లేచి పోయింది. మాత్రల డబ్బా ఇప్పుడు జొన్నల సంచి వెనక లేదు, బైబిలు పక్కన గూట్లో ఉంది. నీళ్లు తాగి వచ్చి కూర్చుంది. ఆగిన చోటి నుండి మొదలుపెట్టాం.

ప్రభువా, తెలియనిది తెలిసినట్టు పలికిన మా నోటిని క్షమించుము. మందులో ఉన్న నీ చెయ్యి చూడడానికి మా కళ్లు తెరువుము. ప్రాకారం లేనివారికి మేము ప్రాకారముగా నిలుచునట్లు చేయుము. యేసు నామములో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.